చెయ్యి అందినంత తెలుపు

సాండ్‌హావ్న్,
మార్చి ఆఖరు, 1973

టోమీనె అత్తయ్య గారికి,

అన్యాయం ఇదీ: మా సందు చివర ఒక ముసలామె ఇంటి ముందు ఇంటెత్తు చెక్కపలకల కంచె కట్టి, ఆ ఇల్లే లేనట్టు చెయ్యబోతున్నారు. చేస్తున్నవాడు రేవు బజారులో రంగుల కొట్టు ఆనన్‌సెన్. వాడి వెనకున్నది 'పాత పట్టణ సందర్శన సంఘం'. దానికి అధ్యక్షుడూ వాడే, కార్యదర్శీ వాడే, సమావేశం చివర చప్పట్లు కొట్టేదీ వాడే.

నేనెవరో మీకు తెలియదు. మీ తమ్ముడు ఓమున్ కొడుకుని, పేరు సాల్వె. పందొమ్మిదేళ్ళు. పడవల కార్ఖానాలో ఓడల అడుగు గీకుతాను. సాయంత్రాలు చదువుతాను. పుస్తకాలు కొనే స్తోమతు లేదు కాబట్టి ఓస్లో నుంచి టపాలో వచ్చే కరపత్రాలే నా విశ్వవిద్యాలయం. మీ గురించి నాన్నని ఎప్పుడడిగినా "పనిలో ఉంటుందిరా" అంటాడు. నేను పుట్టినప్పటి నుంచీ మీరు ఒకే పనిలో ఉన్నారన్నమాట.

మీ చిరునామా యెన్సీనె మామ్మ ఇచ్చింది. ప్రతి క్రిస్మస్‌కీ మీరు ఆవిడకి కాఫీ పొట్లం పంపిస్తారట కదా. "అచ్చాఫీసులో పనిచేసేవాళ్ళెవరైనా తెలుసా మామ్మా" అని అడిగితే చాలాసేపు ఆలోచించి, పొట్లం కాగితం చింపి చేతిలో పెట్టింది. ఎందుకంత ఆలోచించిందో నాకు తెలియదు.

కంచె కట్టబోయేది ఆవిడ ఇంటికే. మీకు గుర్తుండే ఉంటుంది, రేవుకి ఎదురుగా ఉన్న చివరి ఇల్లు. మన ఊళ్ళో ఇంటికి ముఖం తెలుపు, వీపు ఎరుపు. ఏటా వసంతంలో వంతు వచ్చిన ఇంటి ముఖానికి సందంతా కలిసి తెల్లరంగు వేస్తుంది, ఇంటివాళ్ళు అందరికీ మీగడ జావ కాస్తారు. మామ్మ ఇంటికి మాత్రం వంతు రాదు. నాకు ఊహ తెలిశాక ఒక్కసారీ రాలేదు. ఆవిడే ఒక్కతే వేసుకుంటుంది. మోకాళ్ళ నొప్పులు, నిచ్చెన ఎక్కలేదు. అందుకని కింద చెయ్యి అందినంత మేర తెలుపు, ఆపైన వానకి నానిన బూడిదరంగు కట్టె. ఏటా ఆ తెల్లగీత వేలెడంత కిందికి దిగుతోంది అత్తయ్యా. మామ్మ వంగిపోతోంది.

"ఎందుకు రారు మామ్మా?" అంటే "అందరికీ పనులుంటాయి బాబూ" అంటుంది. ఈ ఊళ్ళో నేనడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు పనే!

జూన్‌లో పెంతెకొస్తు పండగ సెలవులకి ఆనన్‌సెన్ టూరిస్టుల్ని రప్పిస్తున్నాడు. రెండు రోజుల సందర్శన. శనివారం రేవు, చర్చి, కెప్టెన్ల ఇళ్ళు. ఆదివారం దీపస్తంభం, చేపల విందు. మొన్న కొట్టు గుమ్మంలో నన్నాపి అన్నాడు: "ఆ ఇల్లొక్కటి నవ్వే నోట్లో ఊడిన పన్నులా ఉంది సాల్వె. పన్ను కట్టించలేం. నోరు మూయిద్దాం."

"మూయాల్సింది మీ నోరు" అన్నాను.

"మీ నాన్నతో చెప్తా ఉండు."

"చెప్పండి. పనిలో ఉంటాడు."

అత్తయ్యా, ఇది ఒక ముసలామె గోడ విషయం కాదు. ఇది పెట్టుబడి తన ముఖానికి సున్నం కొట్టుకునే విషయం! ఒక కరపత్రం రాశాను, దీనితో జత చేశాను. మీ అచ్చాఫీసులో వేసి పంపగలరా? మీ రక్తంలోనూ తిరుగుబాటు ఉండే ఉంటుందని నా నమ్మకం. లేకపోతే ఈ ఊరు వదిలి ఎందుకు వెళ్తారు?

మీ మేనల్లుడు,
సాల్వె


ఓస్లో,
ఏప్రిల్ మధ్య

నాన్నా సాల్వె,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు సంచీలో పెట్టుకుని తిరిగాను. నీ దస్తూరీ మా తమ్ముడిదే. పేపరు చిరిగేలా నొక్కి రాస్తావు.

కరపత్రం అచ్చు వేసి పంపుతున్నాను. పని అయ్యాక మా మేస్త్రీ అనుమతితోనే నేనే అక్షరాలు కూర్చాను. కొన్ని మార్పులు చేశాను, కోపం తెచ్చుకోకు. ఆశ్చర్యార్థకాలు చాలా తీసేశాను. నువ్వు వాడినన్ని మా సీసపు అక్షరాల పెట్టెలో లేవు. ఆనన్‌సెన్‌ని 'రక్తపిపాసి' అన్నావు, అదీ తీసేశాను. మా చిన్నప్పుడు అతను ముక్కు కారుతూ మా వెనక పరిగెత్తేవాడు. రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోయేవాడు.

నా రక్తంలో తిరుగుబాటు ఏమీ లేదురా. నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఓడ ఎక్కాను, అంతే.

అయినా ఒక సంగతి అడుగుతాను. యెన్సీనె గోడ గురించి నీకంత బాధగా ఉంటే, నువ్వు పొడుగ్గా ఉంటావు కదా, బ్రష్ నువ్వే ఎందుకు పట్టుకోకూడదు? కరపత్రం నిచ్చెన ఎక్కదు.

గేటు పక్కన లైలాక్ పూల చెట్టు ఇంకా ఉందా? మేడ మీద ఒక కిటికీ ఉండాలి, సముద్రం వైపు. దాని చట్రం కట్టె ఇంకా గట్టిగా ఉందా, పుచ్చిపోయిందా? వీలుంటే చూసి రాయి. యెన్సీనెని మాత్రం ఏమీ అడగొద్దు. ఆవిడ చెప్పనిదాన్ని గుచ్చి గుచ్చి అడగడం తిరుగుబాటు కాదు, అల్లరి.

మీ నాన్న ఆరోగ్యం ఎలా ఉంది?

అత్త,
టోమీనె


సాండ్‌హావ్న్,
మే మొదటి వారం

అత్తయ్యా,

బ్రష్ పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. ఇప్పుడు ఈ ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి లేడు. మామ్మ తప్ప. అదే నన్ను చంపేస్తోంది.

తెల్లరంగు ఈ ఊళ్ళో ఆనన్‌సెన్ కొట్టులో తప్ప దొరకదు. వాడికి లాభం చేసి వాడి మీద పోరాడటమా? అది సిద్ధాంతానికి విరుద్ధం. కార్ఖానాలో ఓడల అడుక్కి వేసే ఎర్రరంగు డబ్బాలు మిగిలాయి, ఫోర్‌మన్ తీసుకుపొమ్మన్నాడు. ఎరుపు ఎవరి రంగు? మన రంగు. కష్టజీవుల రంగు. ఆదివారం మామ్మ చర్చికి వెళ్ళగానే నిచ్చెన వేసి, బూడిదగా ఉన్న పై సగమంతా ఎర్రగా కొట్టేశాను. కింద తెలుపు, పైన ఎరుపు. జెండాలా ఉంది అనుకున్నాను.

చర్చి విడిచారు. సందులో జనం నడిచొస్తూ ఒక్కొక్కరే ఆగిపోయారు. ఎవరూ తిట్టలేదు. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది, వాళ్ళమ్మ నోరు నొక్కింది. ఆఖరికి మామ్మ వచ్చింది, చేతిలో కీర్తనల పుస్తకం. గేటు దగ్గర నిలబడి పైకి చూసింది.

"ఇంటిని వెనక్కి తిప్పేశావేంట్రా?" అంది.

అప్పుడు వెలిగింది నాకు. ఎరుపంటే వీపు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన ప్రతి పసివాడికీ తెలిసిన సంగతి, కరపత్రాలు చదివిన నాకు తట్టలేదు! సముద్రం మీంచి వచ్చేవాళ్ళకి, సందులో పోయేవాళ్ళకి మామ్మ ఇల్లు ఇప్పుడు వెన్ను చూపిస్తోంది.

"ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ సందు నాకు వీపు చూపిస్తోంది. నేను ఒక్క ఏడాది కూడా చూపించలేదు. చెయ్యి అందినంత వరకూ ముఖమే చూపించాను. ఒక్క పూటలో చేశావు కదరా" అంది. గొంతు పెంచలేదు. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది, వాఫెల్ అట్టు వేసి పెట్టింది.

మధ్యాహ్నం నాన్న వచ్చాడు. నన్ను చూడలేదు. పైన మేడ కిటికీ వంక చూశాడు. ఎరుపు దాని చట్రం మీద కూడా పడింది. "ఆ కిటికీ జోలికెందుకు వెళ్ళావు?" అని మాత్రం అడిగాడు. వెళ్ళి మన నిచ్చెన, రంగు తుడిచే టర్పెంటైన్, పాత గుడ్డ తెచ్చాడు. పైకెక్కి ఆ చట్రం ఒక్కటే తుడిచాడు, మూలమూలా, చంటిపిల్లాడి చెవులు తుడిచినట్టు. దిగి ఇంటికి వెళ్ళిపోయాడు. మామ్మ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: చట్రం గట్టిగా ఉంది. లైలాక్ కూడా ఉంది, ఇంకా మొగ్గలే.

కంచె పెంతెకొస్తుకి కట్టాల్సింది, మర్నాడే కట్టేశారు. ఆనన్‌సెన్ వచ్చి "నా పని సులువు చేశావు నాయనా" అని భుజం తట్టాడు!

ఇరవై ఎనిమిదేళ్ళంటే యుద్ధం అయిపోయిన ఏడాది. యుద్ధం అయిపోతే మామ్మతో తగువేంటి? మీరు ఊరు వదిలిందీ అప్పుడే కదా? మీకు తెలుసు. పెంతెకొస్తుకి ఒక్కసారి రండి. మీరు వచ్చి నిలబడితే అడిగేవాళ్ళం ఇద్దరమవుతాం.

సాల్వె


ఓస్లో,
మే ఇరవై

నాన్నా,

పందొమ్మిదేళ్ళకి తెలివితక్కువ పని చెయ్యకపోతే ఇంకెప్పుడు చేస్తావు? ఏడుపు చాలు. ఆవిడ వాఫెల్ పెట్టిందంటే నువ్వింకా ఇంట్లో మనిషివే.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. తొందరపడి ఎరుపు మీద తెలుపు వెయ్యకు. ఎన్ని పూతలు వేసినా లోపలి ఎరుపు రెండో వానకి గులాబీరంగై పైకొస్తుంది. ముందు కట్టె కనబడేదాకా గీకాలి. అది ఒక్కడి పని కాదు. అందుకే మన పెద్దవాళ్ళు దాన్ని అందరి పని చేశారు.

ఆ ఏడాదుల లెక్క మాత్రం కట్టకు.

మీ నాన్న నిచ్చెన ఎక్కాడని రాశావు. ఆ పేరా నాలుగుసార్లు చదివాను. వాడికి ఎత్తంటే భయం ఉండేది. ఇప్పుడు పోయిందా?

పెంతెకొస్తుకి రాలేను. సెలవుల ముందు మాకు పని ఎక్కువ.

అత్త


సాండ్‌హావ్న్,
పెంతెకొస్తు తర్వాత మంగళవారం

అత్తయ్యా,

సందర్శన సంబరం ముగిసింది. దొంగ తెలుపు, దొంగ నవ్వులు! మొత్తం రెండు బస్సుల జనం, ఒక స్టీమరు జనం. ఆనన్‌సెన్ తాతగారి కెప్టెన్ టోపీ పెట్టుకుని తిరిగాడు. వాళ్ళ తాత కెప్టెన్ కాదు, ఓడలో వంటవాడు, అది ఊరంతటికీ తెలుసు.

నేను రెండు రోజులూ కంచె ముందే నిలబడి మీరు వేసిన కరపత్రాలు పంచాను. కొందరు దాంట్లో చేపలు చుట్టుకున్నారు. గుంపుని నడిపించింది మా బళ్ళో పంతులమ్మ. ప్రతి ఇంటి ముందూ ఆగి ఫలానా కెప్టెను, ఫలానా ఓడ అని చెప్పేది. కంచె దగ్గరికొచ్చేసరికి "ఇక్కడేమీ లేదు, పదండి" అనేది. నా ముఖం చూడకుండా.

ఒక ముసలావిడతో గొడవైంది. మీతో చెప్పి తీరాలి. ఓస్లో మనిషి, బూడిదరంగు కోటు, తలకి గట్టిగా కట్టిన రుమాలు. అంత ఎండలోనూ తియ్యలేదు. గుంపు కదిలిపోయినా ఆవిడ కదల్లేదు. పలకల మధ్య సందులోంచి లోపలికి చూడటానికి వంగింది. నాకు మండింది.

"చూడండి, బాగా చూడండి! గుర్రాన్ని కొనేవాడు పళ్ళు పట్టి చూసినట్టు ఊరిని చూడ్డానికే కదా వచ్చారు. మీకు ముచ్చటగా ఉండటానికే ఒక పేదరాలి ఇంటిని మూసేశారు" అన్నాను.

"ఆవిడ లోపలే ఉందా?" అంది నెమ్మదిగా.

"ఉంటే ఏం చేస్తారు? ఫోటో తీస్తారా?"

కరపత్రం తీసుకుని ఆసాంతం చదివింది. చదివి ఏమందో తెలుసా? "'దోపిడీ' దగ్గర ఒక అక్షరం వంకరగా కూర్చుంది" అంది! ఎంత పొగరు! మీరు రాత్రనక పగలనక కూర్చిన అచ్చుకి వంకపెట్టింది. "అది కూర్చింది మా అత్త, మీలాంటివాళ్ళు పదిమంది కలిసినా ఆవిడ చిటికెనవేలికి సరిపోరు" అన్నాను. ఆవిడ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, ముఖం తిప్పేసుకుంది. పోతూ పోతూ కంచె పక్కనుంచి బయటికి వాలిన లైలాక్ కొమ్మొకటి తుంచుకుపోయింది. అడక్కుండా! పువ్వు కూడా వదలరు వీళ్ళు.

ఆదివారం ఆవిడ దీపస్తంభానికి వెళ్ళలేదు. రేవు రాళ్ళ మీద ఒక్కతే పొద్దంతా కూర్చుంది. నాన్న ఆ పక్కనుంచే ఇంటికి వచ్చాడు. వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. అమ్మ "ఏమైంది, దెయ్యాన్ని చూశారా" అంటే "రుమాలు" అన్నాడు. భోజనం చెయ్యలేదు.

ఈ ఊళ్ళో అందరికీ మతి పోతోంది.

సాల్వె


ఓస్లో,
జూన్ మధ్య

ఒరేయ్ సాల్వె,

ఆ ముసలావిడకి నలభై ఎనిమిదేళ్ళు.

కూర్చో. లేచి తిరగకు. నువ్వు చదువుతూ తిరుగుతావని నాకు తెలుసు, ఓమున్ కూడా అంతే.

పని ఎక్కువన్నది అబద్ధం. మా మేస్త్రీ గది గోడ మీద ఆనన్‌సెన్ పంపిన ప్రకటన అంటించి ఉంది. 'శని, ఆదివారాలు మా తెల్లని ఊరిని చూడ రండి' అని. డబ్బు కట్టి టిక్కెట్టు కొన్నాను. కూతురిగా రాలేనుగానీ టూరిస్టుగా రావచ్చు కదా అనిపించింది. టూరిస్టుని ఎవరూ 'ఎందుకొచ్చావు' అని అడగరు. హోటల్లో నా పేరు కాకుండా మా ఫ్లాటు కింది ఆవిడ పేరు రాశాను.

నా ఊరిని గుంపులో నడుస్తూ చూశాను. మేం బట్టలు ఉతికిన రాళ్ళ దగ్గర పంతులమ్మ ఏదో తేదీ చెప్పింది. నేను ఈత నేర్చుకున్న చోట నాకు ఐస్‌క్రీము అమ్మారు. మా ఇంటి ముందు, అంటే ఇప్పుడు నువ్వుండే ఇంటి ముందు, ఒకాయన నా చేతిలో కెమెరా పెట్టి "మా ఇద్దరికీ ఒక ఫోటో తియ్యండి" అన్నాడు. తీశాను. మీ నాన్న నిచ్చెన గోడకి ఆనించి ఉంది, అదీ ఫోటోలో పడింది.

ఇక నువ్వడిగింది చెప్తాను. ఒక్కసారే.

యుద్ధం చివరి ఏడాది ఒక జర్మన్ సైనికుణ్ణి ఇష్టపడ్డాను. వడ్రంగి. పేరు చెప్పను, అది నాది. అప్పటికి మా నాన్న ఓడని వాళ్ళ జలాంతర్గామి ముంచేసి మూడేళ్ళు. అందుకని ఊరి కోపం నీకు అర్థం కావాలి. నాకే అర్థమైంది. యెన్సీనె ఒక్కతే అతన్ని ఇంట్లోకి రానిచ్చింది. "తుపాకీ గుమ్మం బయట పెట్టు, బూట్లు కూడా" అంది. ఆ చలికాలం పుచ్చిపోయిన ఆవిడ మేడ కిటికీకి అతను కొత్త చట్రం చేశాడు. అదే నేను నిన్ను అడిగింది.

యుద్ధం అయిపోయిన మర్నాడు రేవు మీద నా జుట్టు కత్తిరించారు. జెండాలు ఎగురుతున్నాయి, బ్యాండు వాయిస్తున్నారు. కత్తెర ఎవరు పట్టుకున్నారో నీకు చెప్పను. నువ్వు నీ మొదటి ఉత్తరంలా మొదలుపెడతావు, అన్యాయం ఇదీ, చేసినవాడు వీడూ అని. నాకు అది వద్దు. చేసినవాళ్ళ పేర్లు మోసుకుంటూ తిరిగితే ముందు నా నడుమే వంగుతుంది.

మీ నాన్నకి అప్పుడు పదిహేడేళ్ళు. నన్ను రేవు మీదికి పిలిచినప్పుడే ఏం జరగబోతోందో అర్థమై, నా కోటు విప్పి వాడి చేతికిచ్చాను, అది ఒక్కటే మంచి కోటు. వాడు అది పట్టుకుని నిలబడ్డాడు. అరవలేదు, ఆపలేదు. అయిపోయేదాకా రెండు చేతులా ఆ కోటు పట్టుకునే ఉన్నాడు. మా అమ్మ అప్పటికే లేదు. సందులో తలుపులన్నీ మూసుకున్నాయి. యెన్సీనె తలుపు తెరుచుకుంది. తన తల రుమాలు విప్పి నాకు కట్టింది. పొద్దున గేటు మీద నా కోటు వేలాడుతోంది, మడత నలగకుండా.

జుట్టు రావడం మొదలుపెట్టేదాకా ఆవిడ దగ్గరే ఉన్నాను. తర్వాత ఓడెక్కాను. మరుసటి వసంతంలో రంగు వెయ్యడానికి సాయం రమ్మని ఆవిడ ఇంటింటికీ వెళ్ళి పిలిచిందట, ఆనవాయితీ ప్రకారం. జావ కాసి కూర్చుంది. ఎవరూ రాలేదు. పిలిచినవాళ్ళు రాకపోతే ఇక పిలవకూడదు అనుకునే మనిషి. మళ్ళీ పిలవలేదు.

కాబట్టి నాన్నా, ఆ గోడ అలా ఉన్నది ఆనన్‌సెన్ వల్ల కాదు, పెట్టుబడి వల్లా కాదు. నా వల్ల. నా కోసం తెరిచిన తలుపు అది.

పలకల సందులోంచి చూశాను. కింది తెలుపు కనబడింది, పైన కనబడలేదు. ఆవిడ వంటింట్లో తిరుగుతున్న చప్పుడు వినబడింది. "యెన్సీనె" అని పిలవడానికి నోరు రాలేదు. అప్పుడే నువ్వు నన్ను గుర్రాల బేరగాణ్ణి చేశావు. అంత తిడుతూ కూడా "మా అత్త" అన్నావు చూడు, ఆ మాట నన్నెవరూ అని ఎరగరు. లైలాక్ కొమ్మ సీసాలో పెట్టుకున్నాను, ఇంకా వాడలేదు.

ఓమున్ నన్ను చూశాడు. వాడు ఆగాడు, నేను తల దించుకున్నాను. అది యెన్సీనె ఇచ్చిన రుమాలే. వాడికి గుర్తుండదనుకున్నాను.

చూశాను, చాలు. మళ్ళీ రాను. నీ మీద ప్రేమ లేక కాదు.

టోమీనె


సాండ్‌హావ్న్,
జూన్ ఇరవై

అత్తయ్యా,

మీరు కూర్చోమన్నారు. కూర్చున్నాను. తర్వాత లేచి కార్ఖానా వెనక ఉన్న పాత పడవని తన్నాను. కాలు వాచింది. కత్తెర పట్టుకున్నది ఎవరో తెలుసుకోవాలని ప్రతి ముసలివాడి చేతుల వంకా చూస్తూ ఒక రోజంతా తిరిగాను. అందరి చేతులూ ఒకలాగే ఉన్నాయి. మానేశాను.

సాయంత్రం మీ ఉత్తరం నాన్న ముందు పెట్టాను. చెయ్యకూడదేమో, చేశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. కోటు దగ్గర ఆగిపోయాడు.

"మడత నలగకుండా అని రాసిందా?" అన్నాడు.

"ఆఁ."

"రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానురా. తలుపు తట్టి ఇవ్వడానికి ధైర్యం లేక గేటుకి తగిలించాను."

నేను ఆయన కాఫీ కప్పు నింపాను. నా జీవితంలో మొదటిసారి అనుకుంటాను.

నాన్న లేచి, ఆదివారం చొక్కా తొడుక్కుని మామ్మ ఇంటికి వెళ్ళాడు. నేను వెనకే. కంచె పక్కన్నుంచి దూరి తలుపు తట్టాడు.

"ఏం ఓమున్? దారి తప్పావా?" అంది మామ్మ.

"తప్పి చాలా ఏళ్ళైంది పిన్నీ. రంగు పనికి సందుని పిలుద్దామని వచ్చాను. పిలవాల్సింది ఇంటివాళ్ళు కదా, నువ్వు నడవాలి. నేను తోడొస్తాను."

"నేను ఒకసారి పిలిచాను."

"తెలుసు. నువ్వు వచ్చినప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను."

మామ్మ ఆయన్ని కిందనుంచి మీద దాకా చూసింది. "మోకాళ్ళు నొప్పి. నీ చెయ్యి పట్టుకోవాలి" అంది. అంతే. చెప్పులేసుకుంది.

అత్తయ్యా, నేను కరపత్రాలు పంచి ఒక్క మనిషిని కదిలించలేదు. వీళ్ళిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని సందులో నడుస్తుంటే కిటికీ తెరలన్నీ కదిలాయి. మొదటి ఇంటివాళ్ళు తలుపు తీసి, మామ్మని చూసి, "కాఫీ తాగుతారా" అన్నారు. రెండో ఇంట్లో పంతులమ్మ. "వస్తాను" అని, నా వైపు తిరిగి "సాల్వె, గీకుడు కత్తి ఎలా పట్టుకోవాలో నాకు నేర్పు" అంది. ఒక ముసలాయన గుమ్మంలోనే ఏడ్చాడు, ఆయన భార్య "ఏడవకండి, బ్రష్ ఎక్కడ పెట్టారో గుర్తు తెచ్చుకోండి" అని కసిరింది.

ఆనన్‌సెన్ కొట్టు మూసేవేళకి వెళ్ళాం. మామ్మని చూసి టోపీ తీశాడు.

"తెల్లరంగు నేనిస్తాను యెన్సీనె. ఊరికే."

"ఊరికే వద్దు. ఊరికే ఇస్తే ఇంట్లో కూర్చుంటావు. బ్రష్ పట్టుకునిరా."

"నాకు నడుం నొప్పి..."

"నాకు ఇరవై ఎనిమిదేళ్ళుగా మెడ నొప్పి, పైసగం చూసి చూసి. వస్తావా, రావా?"

"వస్తాను" అన్నాడు. చిన్నపిల్లాడిలా, "మరి నా కంచె పలకలు?" అన్నాడు.

"పైకి అందాలంటే నిలబడటానికి మంచె కావాలి కదా. అవే కట్టుకుందాం" అన్నాడు నాన్న.

వాణ్ణి నేనింకా క్షమించలేదు. కానీ మొదటి రోజు పలకలు విప్పుతుంటే మేకులు తీసి డబ్బాలో వేసిందీ వాడే. ముక్కు ఇప్పటికీ కారుతోంది.

ఒక తలుపు తెరుచుకోలేదు. లోపల దీపం ఉంది, తెరవలేదు. ఎవరిదో నేనూ చెప్పను.

మూడు రోజులుగా అందరం ఎరుపు గీకుతున్నాం. కట్టె బయటపడింది, మంచి కట్టె. నాన్న పైన మేడ కిటికీ దగ్గర గీకుతాడు, ఒక చేత్తో నిచ్చెనని వదలకుండా. భయం పోలేదత్తయ్యా. భయపడుతూనే ఎక్కుతున్నాడు. ఆ చట్రాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. "అది వేసేవాళ్ళు వేరే ఉన్నారు" అంటాడు.

గోడ మీ వల్ల అలా ఉందని రాశారు. మామ్మకి చదివి వినిపించాను. "దానికి నలభై ఎనిమిదేళ్ళొచ్చినా బుద్ధి రాలేదు. గోడ అలా ఉన్నది నా చెయ్యి పొట్టి కాబట్టి" అంది.

పిలుపు మాత్రం ఇంటింటికీ వెళ్ళి నోటితోనే చెయ్యాలి, కాగితం మీద కాదు, అని నాన్న అంటాడు. ఈ సందులో అన్ని తలుపులూ తట్టాం. ఇంకొక్క తలుపు మిగిలింది, అది ఓస్లోలో ఉంది. అంత దూరం మామ్మ మోకాళ్ళు రావు. అందుకని ఆవిడ చెప్తుంటే నేను రాస్తున్నాను, నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు. దీన్ని తలుపు తట్టిన చప్పుడు అనుకోండి:

"టోమీనె, మా ఇంటికి రంగు వేసుకుంటున్నాం. నువ్వు ఈ సందు మనిషివి కాబట్టి పిలుస్తున్నాను. మేడ కిటికీ నీ వంతు. నిచ్చెన ఓమున్ పట్టుకుంటాడు, ఈసారి వాడి చేతుల్లో కోటు ఉండదు. రుమాలు కట్టుకుంటే కట్టుకో, లేకపోతే మానెయ్. జావ కాస్తాను. శనివారం, సాంక్ట్‌హాన్స్ మంటల పండగ పొద్దున, ఆరు గంటలకి. వెనక దారిన కాదు. ముందు గేటు దగ్గరికి రా."